బండి వించ్, దాని కేబుల్: ఇంటి దగ్గర చేసుకోవాల్సిన పని మొత్తం

వానాకాలంలో ఒకసారి పల్నాడు వైపు నల్లరేగడి చేలో మా థార్ దిగబడింది. ఎదురుగా గట్టు మీద బలమైన తుమ్మచెట్టు ఉంది. బంపర్‌లో 9500 పౌండ్ల దాకా లాగే వించ్ ఉంది, అంటే కేబుల్‌ను డ్రమ్ మీద చుట్టుకుంటూ బండిని లాగే మోటారు. బ్యాటరీ కొత్తది. డ్రమ్‌ను వదులు చేసే వించ్ క్లచ్ లివర్ తిప్పి, కేబుల్ చివరి హుక్ పట్టుకుని చెట్టు వైపు నడిచాను. పది అడుగులు వెళ్లేసరికి కేబుల్ ఆగిపోయింది. వెనక్కి వచ్చి చూస్తే డ్రమ్ మీద పై వరుస కింది చుట్ల మధ్యలోకి దూరి ఇరుక్కుపోయింది, ఎంత గుంజినా రాదు. అంతకుముందు ఒక రోజు చీకటి పడుతోందని కేబుల్‌ను వదులుగా చుట్టేసి ఇంటికొచ్చాను. తర్వాత ఇంకో బండిని లాగినప్పుడు బరువంతా ఆ వదులు చుట్ల మీద పడింది, పై వరుస వాటి మధ్యకు దిగిపోయింది. దాన్ని విడిపించేసరికి మధ్యాహ్నం సాయంత్రమైంది. కేబుల్ మూడు చోట్ల నలిగింది, మార్చక తప్పలేదు.

ఆ తర్వాత నేను చూసిన వించ్ గొడవల్లో చాలా వాటికి మూలం బురదలో కాదు, ఇంటి దగ్గర దొరికింది. చుట్టే తీరులో, కడగకుండా వదిలేసిన మట్టిలో, తెల్లగా పట్టిన టెర్మినల్‌లో. అందుకే ఆ ఇంటి పనిని వరసగా చెప్తాను. నేను చెప్పేది 12 వోల్టుల ఎలక్ట్రిక్ వించ్ గురించి. స్టీల్ కేబుల్‌కీ సింథటిక్ రోప్‌కీ పని తేడాగా ఉంటుంది కాబట్టి రెండింటినీ విడివిడిగా చెప్తాను.

పని మొదలుపెట్టే ముందు

కావాల్సినవి ఇవి: మందపాటి తోలు గ్లోవ్స్, ఒక పాత నూలు గుడ్డ (లుంగీ ముక్క అయితే ఇంకా మంచిది), వెర్నియర్ కాలిపర్, మల్టీమీటర్, ఇత్తడి తీగల బ్రష్, తినే సోడా, వ్యాజిలిన్, పల్చటి ఆయిల్, సుద్దముక్క, వెడల్పాటి చెట్టు పట్టీ ఒకటి. తోడుగా ఒక మనిషి ఉండాలి. చివర్లో కేబుల్ చుట్టే పని ఒక్కరి వల్ల కాదు.

డ్రమ్ దగ్గర చెయ్యి పెట్టే ప్రతిసారీ ముందు రిమోట్ ప్లగ్ పీకేయండి. ఐసోలేటర్ స్విచ్ (బ్యాటరీ నుంచి వించ్‌కు వెళ్లే కరెంటును పూర్తిగా ఆపేది) ఉంటే అదీ ఆఫ్ చెయ్యండి. మోటారు నడుస్తుండగా కేబుల్ పట్టుకుంటే, చెయ్యి రోలర్ల దాకా (కేబుల్ బయటికొచ్చే చోట ఉండేవి) వెళ్లడానికి రెప్పపాటు చాలు. స్టీల్ కేబుల్‌ను గ్లోవ్స్ లేకుండా ముట్టుకోవద్దు. గ్లోవ్స్ ఉన్నా సరే, అరచేతిలోంచి జారనివ్వకూడదు. బావి తాడు తోడినట్టు చెయ్యి మార్చి చెయ్యి వేస్తూ పట్టుకోవాలి. తెగిన ఒక్క తీగ తోలును కూడా చీలుస్తుంది.

మొదటి అడుగు: కేబుల్ అంతా బయటికి తీయడం

సగం తీసి సగం చూస్తే చూసినట్టు కాదు. చదునైన చోట బండి ఆపి, హ్యాండ్ బ్రేక్ వేసి, లివర్‌ను ఫ్రీ స్పూల్‌లో (మోటారు నుంచి విడిపడి డ్రమ్ ఊరికే తిరిగేలా) పెట్టి కేబుల్‌ను చేత్తో లాగండి. డ్రమ్ మీద చివరి కొన్ని చుట్లు మాత్రం అలాగే ఉంచాలి. స్టీల్‌కు కనీసం 5, సింథటిక్‌కు 8 నుంచి 10. కారణం తెలుసుకోవడం మంచిది. కేబుల్ చివరను డ్రమ్‌కు పట్టి ఉంచేది ఒక చిన్న స్క్రూ. అది బరువు మోయడానికి పెట్టింది కాదు. బరువు మోసేది ఆ చుట్ల ఒరిపిడి. సింథటిక్ రోప్ జారుడుగా ఉంటుంది కాబట్టి దానికి చుట్లు ఎక్కువ కావాలి. ఈ చుట్లకు ఎర్ర పెయింటుతో గుర్తు పెట్టుకుంటే లాగే టెన్షన్‌లో కూడా కంటికి కనిపిస్తుంది. నేను చుట్లు ముగిసి రెండు బారల అవతల కూడా ఒక గుర్తు పెట్టాను. అది బయటికి కనిపించిందంటే ఇక వదలకూడదని అర్థం.

తీస్తున్నప్పుడే డ్రమ్ తిరిగే శబ్దం వినండి. ఫ్రీ స్పూల్‌లో డ్రమ్ తేలిగ్గా తిరగాలి. గరగరమన్నా, ఒక చోట బిగుసుకుని మళ్లీ వదులైనా ఆ సంగతి గుర్తుపెట్టుకోండి, గేర్‌బాక్స్ దగ్గర పనికొస్తుంది.

రెండో అడుగు: కడగడం

మామూలు నీళ్ల పైపు చాలు. సర్వీసింగ్ సెంటర్లో వాడే ప్రెషర్ గన్‌ను స్టీల్ కేబుల్ మీద కొట్టొద్దు. అది మట్టిని పేటల మధ్యలోకి తోస్తుంది, లోపలున్న నూనెను కడిగేస్తుంది. మోటారు, గేర్‌బాక్స్ సీళ్ల మీద అయితే అసలే వద్దు. కాకినాడ, విశాఖ, మచిలీపట్నం వైపు ఉండేవాళ్లు బురదలోకి వెళ్లకపోయినా నెలకోసారి మంచినీళ్లతో కడగాలి. సముద్రపు గాలిలోని ఉప్పు కంటికి కనిపించకుండానే కేబుల్ మీద చేరుతుంది. బీచ్ ఇసుకలో బండి లాగితే ఆ సాయంత్రమే కడగండి, మర్నాటికి వాయిదా వేయకండి.

కడిగాక నీడలో, గాలి తగిలేలా చాచి ఆరనివ్వండి. తడి కేబుల్‌ను చుట్టి కవర్ వేశారంటే తుప్పు లోపలి వరుసల్లో మొదలవుతుంది. పైనుంచి చూస్తే మెరుస్తూనే ఉంటుంది.

మూడో అడుగు: స్టీల్ కేబుల్‌ను పరీక్షించడం

ఇక్కడ తొందరపడకూడదు. వించ్‌లకు ఎక్కువగా వాడే 7×19 రకం కేబుల్‌లో ఏడు పేటలుంటాయి, ఒక్కో పేటలో 19 తీగలు, మొత్తం 133. మధ్యలో ఒక పేట, దాని చుట్టూ పురి తిరిగి ఆరు పేటలు. ఇంత సన్నటి తీగలు వాడేది కేబుల్ చిన్న డ్రమ్ మీద వంగాలని. తీగలు సన్నం కాబట్టే ఒక్కోటి తెగడం సులువు, తెగింది కనపడటం కష్టం.

కంటికి కనపడనిది గుడ్డకు దొరుకుతుంది. లుంగీ ముక్కను కేబుల్ చుట్టూ మడిచి, గ్లోవ్ చేత్తో మెల్లగా పట్టుకుని ఒక చివర నుంచి ఇంకో చివర దాకా నడవండి. తెగిన తీగ ఉన్న చోట గుడ్డ పోగు పట్టుకుని చిటుక్కుమని ఆగుతుంది. అక్కడ సుద్దతో గీత పెట్టి ముందుకు సాగండి. తర్వాత ఎదురు దిక్కులో ఇంకోసారి నడవండి. తీగ ఒక వైపుకే వంగి ఉంటే మొదటిసారి గుడ్డ దాని మీదుగా జారిపోయి ఉంటుంది. నా కేబుల్‌లో మొదటి నడకలో రెండు గీతలే పడ్డాయి, తిరుగు నడకలో ఇంకో మూడు.

ఇప్పుడు గీతల దగ్గర కూర్చుని లెక్కపెట్టండి. ఒక పేట కేబుల్ చుట్టూ ఒక పూర్తి చుట్టు తిరగడానికి పట్టే పొడవు కేబుల్ మందానికి దాదాపు ఆరేడు రెట్లు, అంటే 8 మిల్లీమీటర్ల కేబుల్‌లో ఐదారు సెంటీమీటర్లు. అంత పొడవులో ఆరు తీగలు తెగినా, లేదా ఒకే పేటలో మూడు తెగినా కేబుల్‌ను తీసేయాలని మొబైల్ క్రేన్ తాళ్లకు పాటించే లెక్క. నా మట్టుకు నేను వించ్‌కు అంత దూరం కూడా పోను. క్రేన్ కింద నిలబడొద్దని అందరికీ తెలుసు. బండి దిగబడితే మాత్రం ఊరంతా కేబుల్ పక్కనే గుమిగూడుతుంది.

కింద చెప్పిన వాటిలో ఏ ఒక్కటి కనిపించినా తీగలు లెక్కపెట్టే పనే లేదు, కేబుల్ మార్చాల్సిందే. ఒకటి, కొక్కిలా పడిన మెలి. దాన్ని సుత్తితో కొట్టి తిన్నగా చేస్తే చూపుకు తిన్నగా ఉంటుంది కానీ లోపలి తీగల బలం పోయినట్టే, మళ్లీ రాదు. రెండోది, పురి విచ్చుకుని పేటలు పంజరంలా ఉబ్బిన చోటు. మూడోది, హుక్ దగ్గర కేబుల్‌ను పట్టిన స్లీవ్ అంచున తెగిన తీగలు. అక్కడ ఒక్కటి తెగినా నేను ఊరుకోను. నాలుగోది మందం తగ్గడం. కాలిపర్‌తో కొలిచేటప్పుడు రెండు పేటల వీపుల మీద కొలవాలి, పేటల మధ్య సందులో కాదు. కొత్తప్పుడు 9.5 మిల్లీమీటర్లు ఉన్నది ఎక్కడైనా 8.8కి వచ్చిందంటే లోపల అరిగిపోయిందనో, తుప్పు తినేసిందనో అర్థం.

పైన పల్చగా పట్టిన ఎర్ర తుప్పును గుడ్డతో తుడిస్తే పోతుంది, దానికి భయపడక్కర్లేదు. వేలితో కేబుల్‌ను కొంచెం వంచినప్పుడు పేటల మధ్య నుంచి ఎర్రటి పొడి రాలితే మాత్రం అది లోపలి తుప్పు.

కొత్త కేబుల్ కొనేటప్పుడు మందం చూసి ఊరుకోకండి. 8 మిల్లీమీటర్ల జింక్ పూత 7×19 కేబుల్ తెగే బలం సుమారు 4400 కిలోలు, 9.5 మిల్లీమీటర్లదానికి సుమారు 6500 కిలోలు. 9500 పౌండ్లంటే దాదాపు 4300 కిలోలు. అంటే 9500 వించ్ మీద 8 మిల్లీమీటర్ల కేబుల్ వేస్తే మోటారు బలానికీ కేబుల్ బలానికీ మధ్య మిగులు దాదాపు లేనట్టే. కాస్త అరిగినా ఆ మిగులు పోతుంది. అందుకే పెద్ద లాగుడైతే స్నాచ్ బ్లాక్ (తెరిచి కేబుల్ పెట్టుకునే కప్పీ) వేసి కేబుల్‌ను రెండు పాయలు చెయ్యడం అలవాటు చేసుకోండి, కేబుల్ మీద పడే బరువు దాదాపు సగమవుతుంది.

నాలుగో అడుగు: స్టీల్‌కు నూనె పెట్టడం

గుడ్డకు పల్చటి, లోపలికి ఇంకే ఆయిల్ పట్టించి కేబుల్ పొడుగునా రాసి, పది నిమిషాలయ్యాక పొడి గుడ్డతో తుడిచేయండి. వేలు పెడితే జిడ్డు తెలియాలి, వేలికి అంటుకోకూడదు. చిక్కటి గ్రీజు పూయడం చాలామంది చేసే పొరపాటు. గ్రీజుకు ఇసుక పట్టుకుని అది ఆకురాయిలా పని చేస్తుంది. పాత ఇంజిన్ ఆయిల్ కూడా వద్దు, అందులో ఆమ్లాలు, లోహపు నుసి ఉంటాయి.

సింథటిక్ రోప్ ఉన్నవాళ్లకు

డైనీమా లాంటి పోగులతో అల్లిన ఈ తాడు స్టీల్ కంటే ఎంతో తేలిక, నీళ్లలో తేలుతుంది, తెగినా స్టీల్ అంత బలంగా వెనక్కి కొట్టదు. తుప్పు లేదు, నూనె అక్కర్లేదు. కానీ దానికి మూడు శత్రువులున్నారు: ఇసుక, వేడి, ఎండ.

ఇసుక రేణువులు అల్లిక లోపల చేరి, బరువు పడిన ప్రతిసారీ పోగుల్ని కోస్తాయి. కాబట్టి రోప్‌ను డ్రమ్ నుంచి పూర్తిగా విప్పి, బకెట్లో గోరువెచ్చని నీళ్లు, కొంచెం బట్టల సబ్బు వేసి అరగంట నానబెట్టాలి. తర్వాత చేతుల మధ్య రోప్‌ను తోసి అల్లికను వదులు చేస్తూ పిండాలి. నీళ్ల రంగు మారినన్ని సార్లు నీళ్లు మార్చండి. నల్లరేగడి అయితే నాలుగైదు బకెట్లు పడుతుంది.

రోప్ ఒంటి మీద పల్చటి నూగు రావడం మామూలే, అది లోపలి పోగుల్ని కాపాడుతుంది కూడా. ఒక పేట పూర్తిగా తెగినా, ఏదైనా చోట రోప్ మిగతా చోట్ల కంటే బాగా సన్నబడినా ఆ భాగం పనికిరాదు. గట్టిగా, నిగనిగలాడుతూ ఉన్న చోటు దొరికితే చేతుల్లో వంచి నలపండి. మెత్తబడితే అది డ్రమ్ మీద ఒత్తిడికి బిగిసినది, పర్వాలేదు. ఎంత నలిపినా ప్లాస్టిక్ పుల్లలాగే ఉంటే అది కరిగింది. ఆ పోగు 150 డిగ్రీల లోపే కరుగుతుంది, 70 దాటితేనే బలం తగ్గడం మొదలవుతుంది.

ఆ వేడి ఎక్కడి నుంచి వస్తుందో చాలామందికి తెలియదు. ఎక్కువ వించ్‌లలో బ్రేక్ డ్రమ్ లోపలే ఉంటుంది. బరువు వేలాడుతుండగా మోటారుతో కేబుల్‌ను బయటికి వదిలితే, అంటే వాలులో బండిని మెల్లగా దించితే, ఆ బ్రేక్ ఒరుసుకుని డ్రమ్‌ను కాలుస్తుంది. మొదటి వరుస రోప్ ఆ డ్రమ్‌నే అంటిపెట్టుకుని ఉంటుంది. అందువల్ల సింథటిక్‌తో బండిని దించే పని వీలైనంత తగ్గించండి, తప్పకపోతే మధ్యలో ఆగుతూ దించండి. మొదటి వరుసకు వేడిని ఆపే తొడుగు ఉంటే తీసేయకండి.

స్టీల్ తీసి సింథటిక్ వేసేవాళ్లు రోలర్లను కూడా మార్చాలి. స్టీల్ కేబుల్ రోలర్ల మీద గాట్లు పెట్టి ఉంటుంది, ఆ గాట్ల అంచులు రోప్‌ను కోస్తాయి. రోలర్ల బదులు నునుపైన అల్యూమినియం హాస్ (తాడు దూరే గుండ్రటి అంచుల పలక) వేసుకోవడం మంచిది. డ్రమ్ అంచుల్ని కూడా వేలితో తడిమి, గరుకుంటే ఎమెరీ పేపర్‌తో రుద్దండి. ఎండకు రోప్ పోగులు బలహీనపడతాయి కాబట్టి బండి బయట నిలిపేవాళ్లు వించ్‌కు కవర్ కొనాలి. మన ఊళ్లలో ఎండ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఐదో అడుగు: హుక్, షాకిల్, రోలర్లు

హుక్ నోరు కాస్త విచ్చుకున్నట్టు కనిపించినా మార్చేయండి. కొత్తగా ఉన్నప్పుడే నోటి వెడల్పు కొలిచి ఎక్కడైనా రాసిపెట్టుకుంటే తర్వాత అనుమానం ఉండదు. నాలుక స్ప్రింగు దానంతట అదే మూసుకోవాలి. షాకిల్ (పట్టీనీ హుక్‌నూ కలిపే యూ ఆకారపు ఇనుప కడియం) పిన్ను చేత్తో తిరగకపోతే మరలు చెడ్డాయి. వంగిన హుక్‌ను వేడి చేసి తిన్నగా చేయించడం, పగిలితే వెల్డింగ్ పెట్టించడం రెండూ ప్రాణాల మీదికి తెస్తాయి.

రోలర్లు నాలుగూ వేలితో తిప్పితే తిరగాలి. తిరగని రోలర్ మీద కేబుల్ రుద్దుకుని గాడి పడుతుంది. పిన్నులు తీసి, తుడిచి, కొంచెం గ్రీజు పెట్టి మళ్లీ వేయండి.

ఆరో అడుగు: కరెంటు దారి

వించ్ లాగడం లేదని నా దగ్గరికి వచ్చిన బళ్లలో మోటారు కాలిపోయినవి తక్కువ, కనెక్షన్ వదులైనవి ఎక్కువ. పూర్తి బరువు మీద ఇలాంటి వించ్ 400 ఆంపియర్ల దాకా లాగుతుంది. బండి ఆల్టర్నేటర్ ఇచ్చేది వంద చుట్టూ. మిగతాదంతా బ్యాటరీలోంచే వస్తుంది. అంత కరెంటు ప్రవహించే దారిలో టెర్మినల్ మీద తెల్లటి పొడి పట్టినా, ఒక నట్టు పావు చుట్టు వదులైనా అక్కడ వేడి పుడుతుంది, మోటారుకు వోల్టేజీ అందదు. వోల్టేజీ తగ్గితే మోటారు మెల్లగా తిరుగుతూ అదే పనికి ఎక్కువసేపు నడిచి వేడెక్కుతుంది.

ముందు బ్యాటరీ. ఇంజిన్ ఆపి కొన్ని గంటలయ్యాక 12.6 వోల్టులు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. తర్వాత నెగెటివ్ తీసి, ఆ తర్వాత పాజిటివ్ తీసి, తినే సోడా కలిపిన నీళ్లతో టెర్మినల్స్ కడిగి, బ్రష్‌తో లోహం మెరిసేదాకా రుద్దండి. సోడా నీళ్లు బ్యాటరీ లోపలికి పోకుండా మూతలు బిగించి ఉంచాలి. మళ్లీ బిగించేటప్పుడు పాజిటివ్ ముందు, నెగెటివ్ చివర. బిగించాక పైన వ్యాజిలిన్ పూయండి, బిగించకముందు కాదు.

తర్వాత నల్ల వైరు ఎక్కడికి వెళ్తోందో చూడండి. కొందరు ఫిట్టర్లు వైరు కలిసొస్తుందని దాన్ని చాసిస్‌కు బిగిస్తారు. వించ్ నెగెటివ్ నేరుగా బ్యాటరీ నెగెటివ్‌కే వెళ్లాలి. వైర్లు బంపర్ అంచుకు రుద్దుకునే చోట రబ్బరు తొడుగు ఉండాలి. అక్కడ ఇన్సులేషన్ పోయి చాసిస్‌కు తగిలితే బండి తగలబడుతుంది. ఐసోలేటర్ స్విచ్ పెట్టించుకోమని నేను అందరికీ చెప్పేది దీనికోసమే.

అనుమానం తీరాలంటే మల్టీమీటర్‌తో ఒక పరీక్ష ఉంది. మీటర్‌ను డీసీ వోల్టుల్లో పెట్టి, ఒక పుల్లను బ్యాటరీ పాజిటివ్ గుండు మీద, రెండోదాన్ని వించ్ కంట్రోల్ బాక్స్‌లో ఎర్ర వైరు బిగించిన బోల్టు మీద పెట్టాలి. పుల్లలకు పొడుగాటి వైర్లు తగిలించి, మనిషి కేబుల్ దారికి దూరంగా పక్కన నిలబడాలి. ఇంకొకరు చిన్న వాలులో బండిని వించ్‌తో మెల్లగా లాగాలి. లాగుతున్నప్పుడు మీటర్ అర వోల్టు దాటి చూపిస్తే ఆ వైరులోనో దాని చివర్లలోనో లోపముంది. నల్ల వైరుకూ ఇలాగే చూడండి.

బటన్ నొక్కితే టకటకమని శబ్దం వచ్చి డ్రమ్ తిరగకపోతే చాలాసార్లు బ్యాటరీ బలం చాలకే సొలినాయిడ్ (మోటారుకు కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) పట్టి వదులుతోందని అర్థం. బ్యాటరీ నిండుగా ఉండీ ఒక వైపే తిరుగుతుంటే సొలినాయిడ్ గానీ రిమోట్ స్విచ్ గానీ పోయింది. రిమోట్ సాకెట్‌లో పిన్నులు పచ్చబడ్డాయేమో చూసి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, మూత తప్పకుండా పెట్టండి. ఆ చిన్న రబ్బరు మూత పోగొట్టుకుని ఊరుకున్నవాళ్ల సాకెట్లే ఎక్కువగా పాడవుతాయి.

ఏడో అడుగు: మోటారు, గేర్లు, బ్రేక్

వాడినా వాడకపోయినా నెలకోసారి కేబుల్‌ను కొన్ని మీటర్లు మోటారుతో వదిలి, మళ్లీ లాగండి. నిలవ ఉన్న మోటారులో తేమ చేరుతుంది. తిప్పితే ఆ కొంచెం వేడికి అది ఆరుతుంది. బండి వాగు దాటి వించ్ మునిగి ఉంటే ఆ రోజే తిప్పండి. అడుగున నీళ్లు కారే రంధ్రం ఉన్న వించ్‌లకు అది మట్టితో మూసుకుపోలేదని చూసుకోండి.

మోటారు విశ్రాంతి గురించి కూడా చెప్పాలి. ఇది ఏకబిగిన నడవడానికి చేసింది కాదు. గట్టి బరువు మీద నిమిషం లోపే లాగి, ఆపి, చల్లారనివ్వాలి. మోటారు ఒంటి మీద చెయ్యి ఆనలేనంత వేడిగా ఉంటే ఇంకో పది నిమిషాలు ఆగండి. ఇంజిన్ నడుస్తూ ఉంటే ఈలోపు బ్యాటరీ కూడా కాస్త కోలుకుంటుంది.

క్లచ్ లివర్ ఒక వైపు నుంచి ఇంకో వైపుకు పూర్తిగా వెళ్లి ఆగాలి. మధ్యలో ఆగితే బలవంతం చేయకుండా కేబుల్‌ను చేత్తో కొంచెం గుంజండి, గేరు పళ్లు కుదురుకుని పడుతుంది. డ్రమ్ తిరుగుతుండగా లివర్ వేస్తే పళ్లు విరుగుతాయి.

బ్రేక్‌ను ఇలా చూడండి. చిన్న వాలు, ముందూ వెనకా మనుషులు లేని చోటు. పైనున్న చెట్టుకు పట్టీ వేసి, బండిని వించ్‌తో రెండు మీటర్లు పైకి లాగి ఆపండి. డ్రైవర్ కాలు బ్రేక్ పెడల్ మీదే సిద్ధంగా ఉంచుకుని, గేరు న్యూట్రల్ చేసి, బండి బరువును వించ్ మీద వదలాలి. అంతకుముందే రోలర్ల దగ్గర కేబుల్ మీద సుద్దగీత పెట్టి ఉంచాలి. ఒక నిమిషం పక్కనుంచి, దూరంగా నిలబడి చూడండి. గీత రోలర్ల దగ్గరే ఉంటే బ్రేక్ పట్టుతోంది. ముందుకు పాకితే వించ్ మెకానిక్‌కు చూపించాలి. ఇంకో సంగతి, ఎక్కువ వించ్‌లలో కేబుల్ డ్రమ్ అడుగు నుంచి బయటికి రావాలి. తప్పుగా పై నుంచి చుట్టుకుని ఉంటే బ్రేక్ సరిగ్గా పట్టదు.

గేర్‌బాక్స్‌ను ఊరికే విప్పొద్దు. కంపెనీ గ్రీజు చాలా ఏళ్లు వస్తుంది. మునిగిన వించ్, లేదా ఫ్రీ స్పూల్‌లో గరగరమన్న వించ్ అయితే విప్పాలి. ప్రతి భాగం తీసే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకోండి, మూతకూ ఒంటికీ కలిపి ఒక గీత గీయండి. పాలు కలిసినట్టు తెల్లబడిన గ్రీజు కనిపిస్తే లోపలికి నీళ్లు వెళ్లాయి. డీజిల్‌తో కడిగి, బాగా ఆరబెట్టి, కొత్త లిథియం గ్రీజు పళ్లకు పట్టేంత పెట్టండి. బ్రేక్ లైనింగ్‌కు మాత్రం డీజిల్ గానీ గ్రీజు గానీ తగలకూడదు.

ఎనిమిదో అడుగు: బోల్టులు

వించ్‌ను ప్లేటుకు పట్టిన నాలుగు బోల్టుల తలల మీద 8.8 లేదా అంతకంటే పెద్ద అంకె ఉండాలి. అంకె లేని బోల్టు ఉంటే అది ఎక్కడ దొరికితే అక్కడ కొని వేసింది, మార్చండి. టార్క్ రెంచ్‌తో మాన్యువల్‌లో చెప్పినంత బిగించి, నట్టు మీదుగా పెయింటు గీత గీయండి. గీత తెగితే నట్టు కదిలినట్టు. ప్లేటు వెల్డింగుల దగ్గర పగుళ్లున్నాయేమో కూడా చూడాలి. వించ్ కోసం బయటికి పొడుచుకొచ్చే బుల్ బార్ వేయించాలనుకునేవాళ్లు ఒక్కటి గుర్తుంచుకోండి: క్రాష్ గార్డులు, బుల్ బార్ల మీద చర్య తీసుకోమని కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2017 డిసెంబరులో రాష్ట్రాలకు చెప్పింది.

తొమ్మిదో అడుగు: బరువు మీద చుట్టడం

నన్ను ఆ రేగడి చేలో నిలబెట్టింది ఈ పనిలో లోపమే. చేత్తో పట్టుకుని చుట్టినా డ్రమ్ నిండుతుంది, చూపుకు బాగానే ఉంటుంది, కానీ లోపల వదులు. కేబుల్ మీద కనీసం 200 కిలోలకు పైగా లాగుడు ఉండగా చుట్టాలి.

కొంచెం ఎగుడు ఉన్న ఖాళీ జాగా చూసుకోండి. చెట్టుకు పట్టీ, షాకిల్, హుక్. కేబుల్ తిన్నగా బండి ముక్కు నుంచి చెట్టుకు వెళ్లాలి, పక్కకు వంగకూడదు. తెగితే ఎగిరి కొట్టకుండా కేబుల్ మధ్యలో ఒక తడి గోనెసంచి వేయండి. డ్రైవర్ లోపల కూర్చుని, ఇంజిన్ నడుస్తూ, గేరు న్యూట్రల్‌లో, బ్రేక్ పెడల్ మీద కాలు లైటుగా ఆనించి ఉంచాలి. మీరు రిమోట్ పట్టుకుని కేబుల్ పొడవుకు బయట, పక్కగా నిలబడి లాగండి. బండి తనంతట తాను చెట్టు దగ్గరికి పాకుతుంది, బ్రేక్ ఆనిన మేరకు కేబుల్ బిగుస్తుంది.

రెండు మీటర్లకోసారి ఆపి, బండి కదలకుండా చేసి, డ్రమ్ చూడండి. కుట్టుమిషన్ బాబిన్ మీద దారంలా చుట్టు పక్కన చుట్టు తాకుతూ పడాలి. మొదటి వరుస సందు లేకుండా పడితే పై వరుసలు వాటంతట అవే కుదురుకుంటాయి. అక్కడ ఒక్క సందు వదిలితే ఆ సందులోకే రేపు పై వరుస దిగుతుంది. ఎక్కడ అడ్డంగా పడినా వెనక్కి వదిలి మళ్లీ చుట్టండి, నాలుగుసార్లైనా సరే. నాకు 25 మీటర్ల కేబుల్‌కు ముప్పావుగంట పడుతుంది.

చివరి రెండు మీటర్ల దగ్గర చక్రాలకు రాళ్లు పెట్టి, హుక్ విప్పి, హుక్‌కు కట్టిన చిన్న పట్టీని పట్టుకుని బటన్‌ను కొద్దికొద్దిగా నొక్కుతూ లోపలికి తీయండి. వేళ్లు హుక్‌లో దూర్చొద్దు. హుక్‌ను బండి టో హుక్‌కు తగిలించి కేబుల్ వేలాడనంత మాత్రమే బిగించండి. వీణ తీగలా బిగిస్తే రోజూ ఆ బరువు బంపర్ మీద ఉంటుంది.

ఒక పక్కకు లాగిన రోజు కేబుల్ డ్రమ్‌కు ఒక చివర గుట్టగా పేరుకుంటుంది. ఆ రోజు ఎంత అలసినా ఇంటికొచ్చాక మొత్తం విప్పి ఇలాగే చుట్టాలి.

తెగితే

అడవిలో హుక్ దగ్గర స్టీల్ కేబుల్ తెగితే బుల్‌డాగ్ క్లిప్పులతో (యూ బోల్టు, జీను కలిసిన బిగింపులు) హుక్ తగిలించే కొత్త కన్ను కట్టుకోవచ్చు. కోసే ముందు కోసే చోటుకు రెండు పక్కలా టేపు చుట్టకపోతే పురి విడిపోతుంది. కేబుల్‌ను థింబుల్ (కన్ను లోపల కూర్చునే లోహపు గాడి) చుట్టూ తిప్పి, మూడు క్లిప్పులు వేయండి. క్లిప్పు జీను భాగం బరువు మోసే పొడవాటి కేబుల్ మీద, యూ బోల్టు వెనక్కి మడిచిన కొస మీద ఉండాలి. తిరగేసి వేస్తే యూ బోల్టు బరువు మోసే పేటల్ని నలిపేస్తుంది. రెండు క్లిప్పుల మధ్య ఎడం కేబుల్ మందానికి ఆరు రెట్లు. ఒకసారి బరువు పడ్డాక నట్లు మళ్లీ బిగించాలి. సరిగ్గా వేసినా ఈ కన్నుకు కేబుల్ బలంలో 80 శాతమే ఉంటుంది, కాబట్టి ఇది ఇల్లు చేరడానికే. సింథటిక్ అయితే ముడి వేయకండి, ముడి దగ్గర బలం సగానికి పడిపోతుంది. కొసను అల్లిక లోపలికి దూర్చి స్ప్లైస్ చేయాలి. పది మిల్లీమీటర్ల రోప్‌కు కనీసం 72 సెంటీమీటర్లు లోపలికి పోవాలి. ఇంటి దగ్గర పాత ముక్క మీద రెండు మూడుసార్లు చేసి చేతికి అలవాటు చేసుకోండి.

కేబుల్ మార్చాక పాతది ఏం చేస్తారో కూడా ఆలోచించండి. మా వీధిలో ఒకాయన వచ్చి, "అన్నా, అది పారేస్తున్నావా? బోరు మోటారు దించడానికి ఇస్తావా?" అని అడిగాడు. చూపుకు బాగానే ఉంది, ఇనుపది, గట్టిగానే అనిపిస్తుంది. మన వించ్‌కు పనికిరానిది ఆయన బోరు మీద నిలబడిన మనుషుల పక్కన కూడా పనికిరాదు. విషయం చెప్పి, ఆయన ముందే కటింగ్ మిషన్‌తో బారెడు ముక్కలుగా కోసి పాత ఇనుముకు వేశాను.